బయట బైకుల బారు, లోపల ఖాళీ గల్లా: చియాంగ్‌మాయిలో ఒక కేసు

నష్టాల్లో ఉన్న హోటళ్లు, బార్లు, కేఫ్‌ల లెక్కలు చూసి దారి చెప్పడం నా వృత్తి. థాయిలాండ్‌లో ఉంటూ ఈ పని చేస్తున్నాను. ఇది అక్కడి ఒక బైకర్ల బార్ కేసు. ఊరు చియాంగ్‌మాయి అని చెప్పక తప్పదు, సమస్యలో సగం ఆ ఊరిదే. బార్ పేరు, సందు, యజమానిది ఏ దేశం, ఏ సంవత్సరం అన్నవి చెప్పను. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. థాయ్ మద్యం చట్టానికి 2025లో సవరణలు వచ్చాయి. ఈ కేసు అంతకు ముందుది, ఇక్కడి నిబంధనలన్నీ అప్పటివి.

నేపథ్యం

ఉత్తర థాయిలాండ్ కొండదారుల్లో బైకు నడపాలనుకునేవాళ్లు చాలామంది చియాంగ్‌మాయిలోనే మొదలుపెడతారు. 1095 నంబరు రోడ్డు మీద పాయ్ దాటి మే హాంగ్ సాన్ చేరి, 108 నంబరు రోడ్డులో మే సరియాంగ్ మీదుగా తిరిగొస్తే సుమారు 600 కిలోమీటర్లు. ఈ దారిలో 1864 మలుపులున్నాయని ప్రచారం. ఆ అంకె వేసిన సర్టిఫికెట్ మే హాంగ్ సాన్‌లో ఇస్తారు. స్టిక్కర్లు, టీషర్టులు సరేసరి.

ఇక్కడికి వచ్చే రైడర్లలో రకాలున్నాయి. యూరప్, ఆస్ట్రేలియాల నుంచి విమానం దిగి బండి అద్దెకు తీసుకునేవాళ్లు కొందరు. మలేసియా, సింగపూర్‌ల నుంచి సొంత బండ్ల మీద గుంపుగా, రోజుల తరబడి ఉత్తరానికి నడుపుకుంటూ వచ్చేవాళ్లు ఇంకొందరు. మన దేశం నుంచి వచ్చేవాళ్లకు మయన్మార్ మీదుగా దారి నమ్ముకునేలా లేదు. అందుకని వాళ్లదీ విమానం, అద్దె బండి.

యజమాని ఒకప్పుడు తనే దేశదేశాలు బైకు మీద తిరిగిన మనిషి. ఇక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడ్డాడు. గుమ్మం పక్కన పాత హోండా సూపర్ కబ్, పైకప్పు నిండా రకరకాల దేశాల నంబర్ ప్లేట్లు, పెట్రోల్ ట్యాంకులతో చేసిన స్టూళ్లు. తలుపు మీద వేలెడు ఖాళీ లేకుండా రైడర్లు అంటించి వెళ్లిన స్టిక్కర్లు. నిజానికి అందమైన చోటు. అందం గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

"సాయంత్రం మీరే వచ్చి చూడండి. బయట బండి పెట్టే చోటుండదు. రాత్రి గల్లా పెట్టె తీస్తే అద్దెకు చాలదు." ఆయన మొదటిసారి చెప్పింది ఇంతే.

అక్కడ సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఆ తర్వాత పొలాల్లో కొయ్యకాళ్లు, కొండల మీద అడవి తగలబడి ఊరంతా పొగ కమ్ముకుంటుంది, రైడర్లు కనబడరు. పొగ పోయాక కొన్నాళ్లకు వానలు. అంటే ఏడాది ఖర్చంతా ఆ నాలుగు నెలల్లోనే రావాలి. నిండు సీజన్‌లోనే గల్లా అలా ఉంటే మిగతా ఏడాది గురించి మాట్లాడనక్కర్లేదు.

నేను వెళ్లేటప్పటికే మూడు ప్రయత్నాలు జరిగాయి. సాయంత్రం రెండు గంటలు బీరు ధర తగ్గించారు. శుక్ర, శనివారాల్లో బ్యాండ్ పెట్టారు. గోడల మీద మరిన్ని పాత బైకు సామాన్లు తగిలించారు.

మొదటిదాన్ని నేను ఆ రోజే ఆపించాను, అది పనిచేసిందా లేదా అని చూడకుండానే. థాయిలాండ్‌లో 2008 నాటి మద్యం నియంత్రణ చట్టం ప్రకారం ధర తగ్గించి మద్యం అమ్మకాలు పెంచుకోవడం నిషేధం, మద్యం ప్రకటనల మీదా గట్టి ఆంక్షలున్నాయి. బార్లు ఈ రెండూ చేస్తూనే ఉండటం ఎవరైనా చూడొచ్చు. కానీ లైసెన్సు యజమాని భార్య పేరున ఉంది, చిక్కొస్తే ఆమెకొస్తుంది. పైగా ఆ తగ్గింపు ధరకు తాగినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో స్థిరపడ్డ విదేశీయులు, రైడర్లు కారు. బ్యాండ్ సంగతి ఇంకోలా తేలింది. బైకు మీద రోజంతా గాలి హోరు విన్న మనిషికి సాయంత్రం కావలసింది మాట. ఏ రోడ్డు తవ్వారు, ఏ మలుపులో కంకర ఉంది, ఏ ఊళ్లో పెట్రోల్ దొరకలేదు అని పక్కవాణ్ని అడగాలి. డ్రమ్ములు మొదలవగానే వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు.

హెల్మెట్ లెక్క

గల్లా లెక్క చూస్తే మొత్తం తెలుస్తుంది గానీ, ఎవరు ఖర్చు పెట్టారో, ఎవరు పెట్టలేదో తెలియదు. అందుకని సర్వర్లకు ఒక చిన్న పని చెప్పాను. బల్ల దగ్గర హెల్మెట్ కనిపిస్తే బిల్లు మూల ఒక టిక్కు పెట్టండి, అంతే. కంప్యూటర్‌లో కొత్త మీట పెట్టిద్దామని యజమాని అన్నాడు. వద్దన్నాను. రద్దీలో సర్వర్ పెన్నుతో గీత గీస్తాడు గానీ మీట కోసం వెతకడు.

కొన్ని వారాల బిల్లులు ముందేసుకుంటే బొమ్మ తేలింది. హెల్మెట్ లేని బల్లలు చీకటి పడ్డాక వచ్చి, చాలాసేపు కూర్చుని, హెల్మెట్ బల్లలకు మూడింతల దాకా బిల్లు చేస్తున్నాయి. హెల్మెట్ బల్లలు మూడు, నాలుగు గంటలకు వచ్చి, ఒక కూల్ డ్రింకో, ఒక చిన్న బీరో తాగి, ఫోటోలు తీసుకుని, చీకటి పడకముందే వెళ్లిపోతున్నాయి. ఇంకో రకం అసలు బిల్లులోకే రాలేదు. వాళ్లు లోపలికి రావడం లేదు. గుమ్మం ముందు బండ్లు ఆపి, సూపర్ కబ్ పక్కన నిలబడి ఫోటో దిగి, స్టిక్కర్ అంటించి వెళ్తున్నారు.

అంటే బయట కనిపించే రద్దీకీ లోపలి బేరానికీ సంబంధం లేదు. యజమాని ఇన్నాళ్లూ చేసిన ప్రయత్నాలన్నీ గిరాకీ పెంచడానికి. గిరాకీ ఉంది, కూర్చోవడం లేదు. ఎందుకు కూర్చోవడం లేదన్నది తేల్చాలి.

మూడు కారణాలు కనిపించాయి. పాయ్ నుంచి చియాంగ్‌మాయి 130 కిలోమీటర్ల చిల్లర, మలుపుల వల్ల మూడు గంటలు. భోంచేసి బయలుదేరినవాడు మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య దిగుతాడు. అప్పటి చట్టం మద్యం అమ్మనిచ్చేది పగలు 11 నుంచి 2 వరకు, మళ్లీ సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి వరకు. సరిగ్గా రైడర్ దాహంతో దిగే వేళకు బార్ నోరు కట్టేసి ఉంటుంది. పాత మేనేజరు కాఫీ కప్పుల్లో బీరు పోసి ఇచ్చేవాడని తర్వాత తెలిసింది. అదీ ఆపాం.

రెండోది సీసా సైజు. అక్కడ పెద్ద బీరు సీసా 620 మిల్లీలీటర్లు. ఐదు శాతం ఆల్కహాల్ అంటే 31 మిల్లీలీటర్లు, బరువులో 24 గ్రాముల పైచిలుకు. 70 కిలోల మగవాడు దాన్ని ఒక్కడే గబగబా తాగేస్తే రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుందని లెక్క చెబుతుంది. థాయ్ చట్టం పరిమితి సరిగ్గా 50. (మన దేశంలో 30.) పాత నగరం చుట్టూ ఉన్న కందకం రోడ్డు మీద పోలీసులు తరచూ ఆపుతారు. తాగి నడిపినట్టు తేలితే ప్రయాణ బీమా కూడా చేతులెత్తేస్తుంది. అనుభవమున్న రైడర్‌కు ఇదంతా తెలుసు, అందుకే ఒక చిన్న సీసాతో ఆగిపోతున్నాడు. ఆగకపోతేనే నాకు భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం థాయిలాండ్‌లో అప్పట్లో ఏటా లక్ష మందికి దాదాపు 33 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది రెండు, మూడు చక్రాల బండ్ల మీదవాళ్లే.

మూడోది, గుమ్మం ముందే ఆగి వెళ్లిపోతున్న గుంపులు. ఎక్కువగా మలేసియా నంబరు ప్లేట్లు, ఎక్కువగా ముస్లింలు. మద్యం తాగరు. లైట్లు మిణుకుమిణుకుమంటూ "బార్" అని రాసి ఉన్న గుమ్మం దాటడం కూడా చాలామందికి ఇష్టముండదు. బైకర్ల చోటు అనగానే బీరే అనుకోవడం వల్ల యజమానికి ఇది తట్టలేదు. ఆయనకు నేను లండన్‌లోని ఏస్ కేఫ్ గుర్తు చేశాను. 1938లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన లారీ డ్రైవర్ల కోసం మొదలై, యుద్ధంలో బాంబులకు దెబ్బతిని, 1949లో మళ్లీ కట్టుకుని, 1969లో మూతబడి, 2001లో తిరిగి తెరుచుకున్న చోటు అది. బైకర్ల ప్రపంచంలో అంతటి పేరున్న ఆ చోటు పేరు తెచ్చుకున్న రోజుల్లో నడిచింది టీ, కాఫీల మీదే.

నిలవని రెండు ఉపాయాలు

తాళాల పెట్టె యజమాని ఆలోచన. రెండో బీరు అడిగినవాళ్లు తాళం కౌంటర్‌లో ఇవ్వాలి, వెళ్లేటప్పుడు మత్తులో లేడనిపిస్తేనే తిరిగి ఇస్తాం. ఖర్చు లేదు, చూద్దామన్నాను. రైడర్లకు అది నచ్చలేదు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాణ్ని పాతికేళ్ల సర్వర్ పైకీ కిందికీ చూసి తాళం ఇవ్వాలా వద్దా అని తేల్చడం ఎవరికి బాగుంటుంది? ఆ సర్వర్‌కు అంతకన్నా ఇబ్బంది, థాయ్ మర్యాదలో పెద్దవాళ్లకు కాదని చెప్పడం చాలా కష్టం. దాని మీద ఇంకో తమాషా. చియాంగ్‌మాయి అద్దె బండ్లలో హోండా సీఆర్ఎఫ్, సీబీ 500 ఎక్స్ లాంటివే ఎక్కువ. పెట్టెలో ఒకేలాంటి తాళాలు కుప్పపడి ఒకరి తాళం ఇంకొకరి చేతికి వెళ్లింది. పెట్టె తీసేశాం.

తర్వాత తెలిసిన సాంగ్‌థేవ్ డ్రైవరు ఒకాయనతో మాట్లాడుకున్నాం. ఆ ఊళ్లో మన షేర్ ఆటోలాగా తిరిగే ఎర్ర ట్రక్కులవి. తాగినవాళ్లను వాళ్ల గెస్ట్‌హౌస్‌లో దింపడానికి రాత్రి పదింటి నుంచి గుమ్మం ముందు ఉండమన్నాం. ఎవరూ ఎక్కలేదు. ఎందుకో నాకు అంతు పట్టలేదు, ఛార్జీ ఎంతో లేదు.

జవాబు తెలుగులో వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ల బృందం ఒకటి నా మాట విని, "అన్నా, మీరు మనోళ్లేనా?" అని పలకరించింది. కాసేపు పాయ్ రోడ్డు గురించి, ఊళ్లో అన్నం ఎక్కడ బాగుంటుందన్న దాని గురించి మాట్లాడుకున్నాక, బండ్లు ఇక్కడే వదిలి ఎర్ర ట్రక్కులో వెళ్లొచ్చు కదా అని అడిగాను.

"బండి ఈడ రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతే నిద్రెట్ల పడ్తదన్నా? పాస్‌పోర్ట్ ఆ షాపోని తాననే ఉంది. గీత పడ్డా మనమే కట్టాలె."

తాగి నడపకూడదని వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు. బండిని వదిలి వెళ్లే చోటు లేదు, అంతే. సొంత బండి వాడికైతే అది ప్రాణం. అద్దె బండి వాడికి డిపాజిట్, పాస్‌పోర్ట్. ఇద్దరిలో ఎవరూ దాన్ని సందులో వదిలి వెళ్లరు.

పెరడు

బార్ వెనక పక్కింటివాళ్ల ఖాళీ స్థలం ఉంది. పాత లాంగన్ పండ్ల చెట్టు, కంపలు, విరిగిన కుర్చీలు. అద్దెకు అడిగాం. ఏడాదికి రాసుకుందామన్నారు. నేను సీజన్ నాలుగు నెలలకు మాత్రమే, నెలకు కొంచెం ఎక్కువైనా సరే అని పట్టుబట్టాను. పొగ నెలల్లో ఆ పెరట్లో ఎండుటాకులు తప్ప ఏముండవు, వాటికి అద్దె ఎందుకు కట్టాలి? గట్టి గేటు, రెండు లైట్లు, కెమెరా, రాత్రి కాపలాకు ఒక పెద్దాయన. సర్వర్లు ఆయన్ని "లుంగ్" అని పిలిచేవాళ్లు, అంటే పెద్దనాన్న వరస.

బండి లోపల పెట్టగానే నాలుగు వైపులా ఫోటో తీసి, టోకెన్ ఇస్తాం. గీతలున్నాయేమో ముందే కనబడుతుంది, పొద్దున గొడవ ఉండదు. ఈ ఫోటో విషయం రైడర్లకు ఎంత నచ్చిందంటే, కొందరు అద్దె దుకాణంలో చూపించుకోవడానికి ఆ ఫోటోలు అడిగి పంపించుకున్నారు.

డబ్బు తీసుకోవాలా వద్దా అన్న దగ్గర చాలాసేపు ఆగాం. తీసుకుంటే కాపలా జీతం వస్తుంది. కానీ బండి పోతే బాధ్యత బరువు పెరుగుతుందని అక్కడి లాయరు చెప్పారు. ఉచితమంటే ఊళ్లో బండ్లన్నీ అక్కడే చేరతాయి. బీరు తాగినవాళ్లకే ఉచితం అంటే మళ్లీ మద్యం అమ్మకానికి కానుక ఇచ్చినట్టు, చట్టం ఒప్పుకోదు, అది నాకూ సమ్మతం కాదు. చివరికి టోకెన్‌ను బిల్లుకు ముడిపెట్టాం. ఏ బిల్లైనా సరే, నీళ్ల సీసా అయినా.

పదిహేను రోజుల్లో ఎర్ర ట్రక్కు నిండటం మొదలైంది. అదే డ్రైవరు, అదే ఛార్జీ. బండి గేటు లోపల ఉందన్న ధైర్యమే తేడా. హెల్మెట్ బల్లలు చీకటి పడ్డాక కూడా కూర్చున్నాయి. బీరు కొంత పెరిగింది, తిండి దానికన్నా ఎక్కువ పెరిగింది. బల్ల దగ్గర కూర్చుని ఉన్నవాడికి రెండు గంటలకొకసారి ఆకలేస్తుంది.

అసలు లాభం తెల్లారాక వచ్చింది, దాన్ని మేం ముందు ఊహించలేదు. బండి వదిలి వెళ్లినవాడు పొద్దున్నే దాని కోసం రావాలి. ఏడింటికి, ఖాళీ కడుపుతో, ఎదురుగా రోజంతా రోడ్డుతో. అప్పటివరకు బార్ తెరిచేది పదకొండింటికి. వంటామెను అడిగి ఉదయం ఏడు నుంచి పెరటి వైపే చిన్న కౌంటర్ తెరిచాం. కొండ మీద పండిన అరబికా కాఫీ అక్కడ కావలసినంత దొరుకుతుంది. గుడ్లు, బ్రెడ్డు, జోక్ అనే గంజి లాంటి అన్నం. పక్కన గాలి పంపు, చైను శుభ్రం చేసుకోవడానికి స్టాండు, పాత బట్టలు. బయలుదేరేముందు చైనుకు నూనె పెట్టుకోవడం రైడర్లకు ఒక అలవాటు, దానికి అరగంట పడుతుంది, ఆ అరగంటలో రెండో కాఫీ తాగుతారు. సాయంత్రం మూడింటికి దిగేవాళ్లకూ ఇదే కౌంటర్ పనికొచ్చింది. ఐదు దాకా కాఫీ, బండి కడుక్కోవడానికి నీళ్లు. ఐదు తర్వాత ఇష్టమైనవాళ్లు లోపలికి.

మలేసియా గుంపులు ఈ పెరటి కౌంటర్‌కు వచ్చాయి. అక్కడ మద్యం సీసా ఒక్కటి కనబడదు, బార్ లైట్లు ఐదింటి దాకా వెలగవు. యజమాని ఉత్సాహపడి హలాల్ అని బోర్డు పెడదామన్నాడు. నేను ససేమిరా అన్నాను. మద్యం అమ్మే ఇంట్లో, ఒకే వంటింట్లో వండిన దానికి ఆ మాట రాయడం నమ్మినవాళ్లను మోసం చేయడమే. దానికి బదులు కౌంటర్ మీద చేత్తో గీసిన మ్యాప్ పెట్టాం. ఊళ్లో బాన్ హో మసీదు వీధి ఉంది. యునాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లింలది. ఖావ్ సోయ్ అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసుకు పేరున్న దుకాణాలున్నాయి, శుక్రవారం పొద్దున సంత జరుగుతుంది. భోజనం అక్కడ చేయండి, కాఫీకి ఇక్కడికి రండి అన్నాం. వచ్చారు. మ్యాప్ ఫోటో తీసుకుని వెనక వచ్చే గుంపులకు పంపుకున్నారు.

తేలని సంగతులు

పొగ నెలలకు ఉపాయం దొరకలేదు. మార్చిలో మధ్యాహ్నం వంటగది మూసి, సిబ్బందికి సొంక్రాన్ అనే థాయ్ కొత్త సంవత్సరం సెలవులు ముందుకు జరిపి ఖర్చు తగ్గించుకోవడం తప్ప చేసిందేమీ లేదు. పక్కింటివాళ్లు రెండో సీజన్‌కు అద్దె పెంచారు. మా బేరం బాగుందని గోడ మీంచి వాళ్లకూ కనబడుతోంది కదా. మొత్తం అమ్మకాల్లో మద్యం వాటా తగ్గి, గిట్టుబాటు పెరిగింది. యజమానికి ఇది మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది, ఆయన కన్న కల బార్ గురించి కదా.

ఈ కేసు తర్వాత నేను ప్రయాణికుల మీద ఆధారపడే ఏ చోటికి వెళ్లినా మొదట అడిగే ప్రశ్న మారింది. ఎందుకు వస్తున్నారని కాదు, లేచి వెళ్లేలా చేస్తున్నది ఏమిటని. హెల్మెట్ టిక్కు లాంటి గుర్తు ఒకటి ప్రతి చోటా దొరుకుతుంది. రేవు ఊళ్లలో లైఫ్ జాకెట్, బస్టాండు పక్క హోటల్లో పెట్టె. ఉపాయం విఫలమైనప్పుడు దాన్ని పారేసేముందు ఏది అడ్డుపడిందో ఒక్క కస్టమర్‌నైనా అతని భాషలో అడగాలి. ఎర్ర ట్రక్కు మంచి ఉపాయమే. దానికి ముందు జరగాల్సింది జరగలేదు, అంతే.

పాయ్‌లో రెండో బార్

రెండో సీజన్ చివర యజమాని పాయ్‌లో ఒక స్థలం చూసి వచ్చాడు. అక్కడా ఇలాంటిదే పెడదాం, పెరడుతో సహా అన్నాడు. నేను వద్దని రాసిచ్చాను. పాయ్ చిన్న ఊరు, గెస్ట్‌హౌస్‌లలో చాలా భాగం రాత్రి సంత జరిగే వీధికి నడక దూరంలోనే ఉంటాయి. రైడర్ బండిని బస దగ్గర పెట్టేసి నడిచే వస్తాడు, హెల్మెట్ గదిలోనే ఉంటుంది. అతని బండికి చోటు చూపించాల్సిన పని లేదు, పొద్దున దాని కోసం మన గుమ్మానికి రావాల్సిన పనీ లేదు. చియాంగ్‌మాయిలో మనల్ని నిలబెట్టిన రెండు కారణాలూ అక్కడ లేవు. పాయ్‌లో పెడితే మామూలు బార్ పెట్టినట్టే, దాని లెక్క వేరుగా వేయాలి అన్నాను. వేరుగా వేసి చూస్తే ఆ స్థలం అద్దెకు అది నిలవలేదు. ఆయన అడ్వాన్స్ ఇవ్వలేదు.